ఒక బండి ముందు

(నెల్లూరులో ఒక కాలనీ సంక్షేమ సంఘం వేసవి సెలవులకు ముందు పెట్టుకున్న సమావేశంలో, ఆర్టీసీలో కంట్రోలరుగా పనిచేసి రిటైరైన ఒక పెద్దాయన చేసిన ప్రసంగం. రికార్డింగు విని, మాట తీరు చెడకుండా రాసుకున్నాం.)

అందరికీ నమస్కారం. వెనక కూర్చున్నవాళ్లకు మైకు వినపడుతోందా? చేయి ఎత్తారు, సరే.

సెక్రటరీ గారు పోయిన వారం మా ఇంటికొచ్చి, "సార్, ఈసారి కాలనీ పిల్లలందరినీ ఏదన్నా థీమ్ పార్కుకు తీసుకుపోదామనుకుంటున్నాం. జనాన్ని తలుచుకుంటేనే టెన్షన్‌గా ఉంది. మీరొచ్చి నాలుగు మాటలు చెప్పాలి" అన్నారు. నేను నవ్వాను. రైడ్ల గురించి నాకేం తెలుసు? నా సర్వీసంతా బస్టాండులో మైకు పట్టుకుని, ఏ బండి ఏ ప్లాట్‌ఫారం మీదికి వస్తుందో అరిచి చెప్పడమే. కానీ ఆయనన్నదీ నిజమే. రైడ్లు నాకు తెలియకపోయినా జనం తెలుసు. పండక్కి వచ్చే జనం, పెళ్లి ముహూర్తాలకు వచ్చే జనం, పరీక్షలైపోయిన సాయంత్రం హాస్టళ్ల నుంచి పెట్టెలతో ఊడిపడే జనం, అందరినీ చూశాను.

మన ఊళ్లో రొట్టెల పండుగ ఉంది. బారా షహీద్ దర్గా, స్వర్ణాల చెరువు. మీరంతా చూసిందే. ఎక్కడెక్కడి నుంచో లక్షల మంది వస్తారు. చదువు రొట్టె, ఉద్యోగం రొట్టె, పెళ్లి రొట్టె అంటూ నడుం లోతు నీళ్లలో నిలబడి మార్చుకుంటారు. ఆ రోజుల్లో మాకు సెలవుండేది కాదు, స్పెషల్ బస్సులు వేసేవాళ్లం. కొత్తగా ఉద్యోగంలో చేరినప్పుడు నాకు అర్థం కానిదొకటి ఉండేది. పొద్దున్నుంచీ జనం వస్తూనే ఉంటారు, బస్టాండులో ఇబ్బంది కనపడదు. సాయంత్రం ఒక్క గంటలో గుండె ఆగినంత పనవుతుంది. వచ్చిన జనం పొద్దున వచ్చినవాళ్లే కదా, కొత్తగా ఎవరూ పుట్టలేదు కదా అనుకునేవాణ్ణి. మా సీనియర్ ఒకాయన చెప్పాడు: "ఒరే, వచ్చేటప్పుడు జనం విడివిడిగా వస్తారు. పోయేటప్పుడు అందరికీ ఒకేసారి ఇల్లు గుర్తొస్తుంది."

ఆ మాట తర్వాత ఎవరైనా బంధువులు పండక్కి వస్తే నేనొకటే చెప్పేవాణ్ణి. అందరూ ఎక్కే బండి కంటే ఒక బండి ముందు ఎక్కండి. ఆరు గంటల బండికి కొట్టుకుంటారు, అయిదుంబావు బండిలో సీట్లు ఖాళీగా పోతాయి. ఈరోజు నేను చెప్పబోయేదంతా ఇంతే. మిగతాది దీనికి ఉదాహరణలు. టీ ఇచ్చేదాకా సాగదీస్తాను. (నవ్వులు)

ముందు నా బుద్ధి గడ్డి తిన్న కథ చెప్తాను. ఇంత తెలిసినవాణ్ణి కదా, నేనే దెబ్బ తిన్నాను.

కొన్నేళ్ల కిందట సంక్రాంతికి మా పిల్లలు, తమ్ముడి పిల్లలు, మనవలు అంతా కలిశాం. 38 మంది. కనుమ రోజు రాత్రి అరుగు మీద కూర్చుని ఉంటే మా చిన్నల్లుడు, "మావయ్యా, రేపు ముక్కనుమ, మనకు పనేమీ లేదు, మద్రాసు వైపు ఏదన్నా పార్కుకు పోదామా" అన్నాడు. అప్పటికప్పుడు ఒక ప్రైవేటు బస్సు మాట్లాడాం. పొద్దున ఆరింటికి బయల్దేరాలనుకుంటే, ఏడున్నర అయింది. వెంకటాచలం, బూదనం, సూళ్లూరుపేట, ప్రతి టోల్ గేటు దగ్గరా బండ్ల వరస. మద్రాసు దాటి ఆ పార్కు గేటు దగ్గరికి చేరేసరికి పన్నెండున్నర. పార్కు పేరెందుకులే, తప్పు వాళ్లది కాదు. టికెట్ కౌంటరు దగ్గర నిలబడితే ముందున్న తలలు లెక్కపెట్టడానికి నాకు ఓపిక చాలలేదు.

అప్పుడు పక్కనున్న తమిళాయన్ని అడిగాను, ఇదేం జనమండీ అని. ఆయన నన్ను వింతగా చూసి, "ఇవాళ కాణుం పొంగల్ కదా సార్" అన్నాడు.

ఇది గుర్తుపెట్టుకోండి. మనకు ముక్కనుమ అంటే మాంసం వండుకుని తిని పడుకునే రోజు. తమిళనాడులో అదే రోజు కాణుం పొంగల్. 'కాణుం' అంటే చూసే రోజు. ఇంటిల్లిపాదీ కట్టకట్టుకుని బయటికి వెళ్లి చూసి రావడమే ఆ పండుగ. మెరీనా బీచ్ ఆ రోజు ఇసక కనపడనంత నిండిపోతుంది. జనాన్ని సముద్రంలోకి దిగనీయకుండా పోలీసులు కట్టెలు కట్టి ఆపుతారు, తప్పిపోతారని పిల్లల చేతులకు ఫోన్ నంబరు రాసిన పట్టీలు కడతారు. సంవత్సరం మొత్తంలో మద్రాసు వైపు వినోదానికి పోకూడని రోజంటూ ఒకటుంటే, వెతికి వెతికి ఆ రోజే పోయాను నేను. 38 మందిని వెంటేసుకుని.

నాలుగు రైడ్లు ఎక్కారు పిల్లలు. అన్నం రెండున్నరకు దొరికింది, అదీ అడుగు అన్నం. మూడో లైనులో నిలబడ్డప్పుడు మా మనవడు, "ఏంది తాతా, ఇది పార్కా, లైనా?" అన్నాడు. వాడికప్పుడు ఆరేళ్లు. ఆ ప్రశ్నకు ఇప్పటికీ నా దగ్గర జవాబు లేదు.

కాబట్టి నేను నేర్చుకున్న మొదటి సంగతి: మన సెలవు చూసుకుంటే చాలదు, అవతలి ఊరి సెలవు చూసుకోవాలి. నెల్లూరు వాళ్లకు ఇది మరీ అవసరం, ఎందుకంటే మనం రెండు నగరాల మధ్య ఉన్నాం. కిందికి పోతే 175 కిలోమీటర్లలో చెన్నై. పైకి పోతే 450 కిలోమీటర్ల దూరంలో హైదరాబాదు. ఏప్రిల్ 14 అంబేడ్కర్ జయంతి మనకు సెలవే, తమిళులకు అదే ఉగాది కూడా. ఆయుధ పూజ మనకు దసరాలో ఒక రోజు, వాళ్లకు పెద్ద సెలవు. హైదరాబాదు పోయేటట్టయితే బోనాలు, బతుకమ్మ సెలవులు మనకు ఉండవు, వాళ్లకు ఉంటాయి. ఏ ఊరు పోతున్నామో ఆ ఊరి క్యాలెండరు ఒకటి ఫోన్లో తెరిచి చూడండి. పది నిమిషాల పని.

రెండో సంగతి బడి పిల్లలు. మామూలు రోజు పోతే ఖాళీగా ఉంటుందని అందరూ అంటారు. ఆదివారం కంటే ఖాళీనే. కానీ డిసెంబరు, జనవరి, ఫిబ్రవరి నెలల్లో మామూలు రోజుల్లో పోతే పార్కింగులో మీ కారుకు అటు పది, ఇటు పది పసుపు బస్సులుంటాయి. అది ఎక్స్‌కర్షన్ల కాలం. చలి, ఎండ రెండూ లేవని బళ్లన్నీ అప్పుడే పిల్లల్ని తీసుకుపోతాయి. ఒక్కో బస్సులో యాభై మంది, ఒకే రంగు టోపీలు, ఒకే విజిల్. విజిల్ కొడితే అంతా కలిసి ఒకే రైడు మీద పడతారు. వాళ్లను తప్పుపట్టలేం, మనమూ అట్లా పోయినవాళ్లమే. కాకపోతే వాళ్లు మూడున్నర, నాలుగింటికల్లా హాజరు తీసుకుని బస్సెక్కుతారు. వాళ్లు పోయాక ఉన్న రెండు గంటలు బంగారం.

మరి ఎప్పుడు పోవాలి అంటారా? నన్నడిగితే రెండు కాలాలు చెప్తాను. ఒకటి మార్చిలో. ఇంటర్, పదో తరగతి పరీక్షలు జరుగుతుంటాయి. ఆ వయసు పిల్లలున్న ఇల్లు ఏదీ కదలదు. మీ ఇంట్లో పరీక్షలు రాసేవాళ్లు లేరనుకోండి, ఒంటిపూట బడులు మొదలయ్యాక చిన్నపిల్లలకు ఒక్క రోజు బడి మాన్పించి మంగళవారమో బుధవారమో పోయిరండి. హెడ్మాస్టర్లు ఎవరన్నా ఉంటే నన్ను క్షమించాలి. (నవ్వులు) ఇంకొకటి జూన్ చివర. మన బళ్లు జూన్ 12 ప్రాంతంలో తెరుస్తారు, చెన్నైలో అంతకంటే ముందే తెరుస్తుంటారు. ఫీజులు, పుస్తకాలు, బూట్లు కొని అందరి జేబులూ ఖాళీ. పార్కులూ ఖాళీ. మీరు ఆ డబ్బులు మేలోనే పక్కన పెట్టుకుని ఉంటే జూన్ నాలుగో వారం మీదే.

మంగళవారం అన్నానని మా ఆవిడ అక్కడినుంచి చూస్తోంది. మా అమ్మ మంగళవారం ఊరు కదలనిచ్చేది కాదు. నేననేదేమంటే, చాలామంది అమ్మలు కదలనివ్వరు, అందుకే మనం పోవాలి. పట్టింపు ఉన్నవాళ్లు సోమవారం రాత్రే బయల్దేరండి, శాస్త్రానికీ సరిపోతుంది, హోటలు గదీ దొరుకుతుంది.

మే నెల గురించి ఒక మాట. సెలవులన్నీ అప్పుడే, జనమూ అప్పుడే, రోహిణి కార్తె కూడా అప్పుడే. నీళ్ల రైడ్లకు ఎండే మంచిదంటారు. నీళ్లలో ఉన్నంతసేపు మంచిదే. లైను ఎండలో ఉంటుంది. కాళ్ల కింద సిమెంటు కాలుతుంది, నీళ్లలోకి దిగాలని చెప్పులు విడిచేసి ఉంటారు. నీళ్లలో దాహం తెలియదు, అందుకే పిల్లలు నీరసపడితేగానీ బయటపడదు. గంటకోసారి మజ్జిగో, ఓఆర్‌ఎస్ నీళ్లో అడగకుండానే తాగించండి. తప్పదు, మేలోనే పోవాలి అంటే వారం మధ్యలో పోండి, గేటు తెరిచేటప్పటికి అక్కడుండండి. ఇంకొక తంటా ఉంది. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా మనకూ చెన్నైకీ ఈశాన్య రుతుపవనాలు, వాయుగుండాలు. జనం తక్కువే ఉంటారు, ఉరుములు మెరుపులు వస్తే పెద్ద రైడ్లు ఆపేస్తారు. అప్పుడు హైదరాబాదు నయం, అక్కడి వానలు సెప్టెంబరుతో చాలావరకు తగ్గుతాయి.

జనం తక్కువున్న కాలంలో పోతే ఒక నష్టం ఉంది, దాచను. రైడ్లను బాగుచేసే పని కూడా పార్కులవాళ్లు అప్పుడే పెట్టుకుంటారు. తర్వాతొకసారి జూన్‌లో మేం పోయినప్పుడు పిల్లలు కలవరించిన పెద్ద రైడు రెండు రోజులు మూత. వెబ్‌సైటులో రాసే ఉంది, మేమే చూడలేదు. అయినా ఆ రోజు మా మనవడు 14 రైడ్లు ఎక్కాడు. కాణుం పొంగల్ నాడు నాలుగు.

ఈ లెక్క ఒకసారి చూద్దాం, ఇది నాకు ఇష్టమైన భాగం. పార్కు పదకొండుకు తెరిచి ఆరుకు మూస్తే ఏడు గంటలు. తిండి, బట్టలు మార్చుకోవడం, లాకరు, బాత్రూము, ఫోటోలు, అలిగిన పిల్లను బుజ్జగించడం, వీటికి రెండు గంటలు తీసేయండి. మిగిలింది 300 నిమిషాలు. రైడు మహా అయితే నాలుగైదు నిమిషాలు. లైను 45 నిమిషాలుంటే రోజంతా ఆరు రైడ్లు. అదే లైను పావుగంట ఉంటే పదిహేను. టికెట్ డబ్బులు అవే, కాళ్లు అవే.

లైను ఎంతసేపు పడుతుందో ముందే తెలుసుకోవచ్చు. మాకు బస్టాండులో అలవాటైన లెక్కే. లైను పొడవు చూసి భయపడకండి, బండి చూడండి. ఒకసారికి ఎంతమందిని ఎక్కిస్తున్నారు, ఒక ట్రిప్పుకీ ఇంకో ట్రిప్పుకీ ఎంత సేపు, ఈ రెండూ చూడండి. 20 మంది ఎక్కి, నాలుగు నిమిషాలకోసారి కదిలితే గంటకు 15 ట్రిప్పులు, 300 మంది. మీ ముందు 150 మంది ఉంటే అరగంట. ఎనిమిది మందే ఎక్కే రైడయితే, మీ ముందు అరవై మందే కనపడుతున్నా అదీ అరగంటే. లైను పొట్టిగా ఉందని మోసపోయి నిలబడేది ఇలాంటి చోటే. 1961లో జాన్ లిటిల్ అనే అమెరికన్ ఈ క్యూల లెక్కను సూత్రంగా రుజువు చేశాడు. లైనులో ఉన్న మందిని, గంటకు ఎంతమంది కదులుతున్నారో దానితో భాగిస్తే ఎదురుచూపు వస్తుంది. మా కండక్టర్లందరికీ ఇది తెలుసు, పేరు పెట్టాలని మాకు తోచలేదు. (నవ్వులు)

ఇక గేటు లోపలికి పోయాక. గేటు దాటగానే ఎదురుగా ఏ రైడు కనపడితే జనం దాని మీద పడతారు. అది మన స్వభావం. గుళ్లో కూడా మొదటి హుండీయే నిండుతుంది. మీరు పడకండి. మ్యాపు తీసుకుని, పిల్లలకు తప్పనిసరిగా కావలసిన మూడు రైడ్లు ముందురోజు రాత్రే రాసుకుని, వాటిలో అన్నిటికంటే దూరంగా ఉన్నదాని దగ్గరికి నేరుగా నడవండి. మొదటి గంటలో ఆ మూడూ అయిపోవాలి. తర్వాత ఏది దొరికితే అది, లాభమే. మూడే అన్నానని గుర్తుపెట్టుకోండి. అన్నీ ఎక్కాలని పోయినవాళ్లే పోట్లాడుకుంటూ తిరిగొస్తారు.

పన్నెండున్నర నుంచి రెండు దాకా అందరికీ ఆకలి. మీరు పదకొండున్నరకో, రెండున్నరకో తినండి. చాలా పార్కుల్లో బయటి తిండి లోపలికి రానివ్వరు. అందుకని తర్వాత పోయినప్పుడు మేం పులిహోర, పెరుగన్నం బస్సులోనే తిని లోపలికి పోయాం. పదిన్నరకు పులిహోరేంటని అల్లుడు సణిగాడు. ఒంటిగంటకు క్యాంటీను ముందు వరస చూసి ఇంకేమీ అనలేదు. జనమంతా తింటున్నప్పుడు, షో జరుగుతున్నప్పుడు రైడ్లు ఖాళీ. రామోజీ ఫిలిం సిటీ లాంటి చోట రోజులో కొన్ని షోలు, బస్సు టూరు, ఇట్లా టైముల మీద నడుస్తుంది కాబట్టి లోపలికి పోగానే టైముల పట్టిక ఫోటో తీసుకోండి. 1996 నుంచి నడుస్తున్న చోటు అది, జనాన్ని తిప్పడం వాళ్లకు బాగా తెలుసు, మనం ఎదురు తిరగకుండా ఉంటే చాలు. పైగా మనవైపు నుంచి కారులో పోయేవాళ్లకు ఒక సౌకర్యం. ఒంగోలు, అద్దంకి మీదుగా నార్కట్‌పల్లి దగ్గర విజయవాడ రోడ్డు ఎక్కితే, హైదరాబాదు రాకముందే ఫిలిం సిటీ వస్తుంది. నగరంలోకి పోయి ట్రాఫిక్‌లో చచ్చి మళ్లీ వెనక్కి రావక్కర్లేదు. వండర్‌లా అనే పార్కు అయితే 2016లో రావిర్యాల దగ్గర కట్టారు, అది అవుటర్ రింగురోడ్డు పక్కనే.

చెన్నై పార్కుల కష్టమేంటంటే, ఎక్కువ భాగం నగరానికి దక్షిణాన ఉన్నాయి, మనం పోయేది ఉత్తరం నుంచి. 2025 డిసెంబరులో తెరిచిన కొత్త వండర్‌లా కూడా తిరుప్పోరూర్ దగ్గర, అంటే నగరానికి అవతలి కొస. బస్సులో పోతే మన ఆంధ్రా బస్సులు మాధవరంలో దింపుతాయి, అక్కడినుంచి ఇంకో ప్రయాణం. పొద్దున నెల్లూరులో లేచి, మద్రాసు మొత్తం దాటి, రైడ్లు ఎక్కి, రాత్రికి ఇల్లు చేరదామంటే పిల్లలకు బస్సు కిటికీయే గుర్తుంటుంది. ముందురోజు రాత్రి పార్కు వైపునే ఎక్కడన్నా పడుకోండి. గది అద్దె ఖర్చని చూడకండి, ఆ పొద్దుటి గంట దానికి కొంటున్నాం.

డబ్బు మాట వచ్చింది కాబట్టి ఫాస్ట్‌ట్రాక్ టికెట్ గురించి. ఎక్కువ డబ్బులిస్తే వేరే లైనులో ముందుగా పంపుతారు. మనకు కొత్తేమీ కాదు. తిరుమలలో 300 రూపాయల దర్శనం తెలుసు కదా, టైము స్లాటుతో. డిస్నీవాళ్లు 1999లో ఫాస్ట్‌పాస్ అని ఉచితంగా పెట్టారు. చీటీ తీసుకుని, ఫలానా టైముకు వచ్చి ఎక్కొచ్చు, ఈలోగా వేరే రైడు చూసుకోవచ్చు. 2021లో దాన్ని తీసేసి డబ్బులిచ్చేది తెచ్చారు. అంత పెద్దవాళ్లకే జనం లెక్క తేలలేదు. 1955 జులై 17న మొదటి డిస్నీల్యాండు తెరిచిన రోజయితే దొంగ టికెట్లతో జనం పోటెత్తారు, ఎండకు కొత్త తారు రోడ్డు మెత్తబడి ఆడవాళ్ల హీల్స్ దిగబడ్డాయి. మన బస్టాండుకే కష్టాలనుకునేవాణ్ణి.

ఫాస్ట్‌ట్రాక్ కొనాలా వద్దా? జూన్‌లో మంగళవారం కొంటే డబ్బులు దండగ. సెలవురోజు తప్పక పోవాల్సి వచ్చి, ఇంట్లో ముగ్గురో నలుగురో ఉంటే, కొనండి. 38 మందికి కొనాలంటే ఆ డబ్బుతో ఇంకో రోజు పోయిరావచ్చు. మామూలు టికెట్ మాత్రం ఎప్పుడైనా ఆన్‌లైన్‌లోనే కొనండి, ఒక లైను తప్పుతుంది.

ఇక్కడ ఒక మాట కొంచెం ఆగి చెప్పాలి. లైనులో నిలబడి విసుక్కోవడం వేరు, జనంలో నలగడం వేరు. 2022 డిసెంబరు 28న కందుకూరులో ఏం జరిగిందో ఈ జిల్లాలో ఎవరూ మర్చిపోలేదు. ఇరుకు రోడ్డు, మీటింగుకు వచ్చిన జనం, ఎనిమిది మంది పోయారు. 2025 జనవరి 8న తిరుపతిలో, జనం తోసుకోకుండా ఇచ్చే తిరుమల దర్శనం టోకెన్ల కోసమే జనం తోసుకుని ఆరుగురు పోయారు. మనిషికీ మనిషికీ మధ్య చేయి తిప్పుకునే సందు లేకపోతే అది ఇక వరస కాదు. ఒక చదరపు మీటరులో ఐదారుగురు దాటితే ఎవరి కాళ్లూ వాళ్ల మాట వినవు, అల లాగా కొట్టుకుపోతారు. వేవ్ పూల్, అంటే మిషన్‌తో అలలు పుట్టించే కొలను దగ్గర సైరన్ మోగగానే అంతా ఒక్కసారి పరిగెత్తుతారు చూడండి, షో అయిపోయి ఒకే గేటులోంచి బయటికొస్తారు చూడండి, ఆ రెండు చోట్లా పిల్లల చెయ్యి వదలకండి. ఆగిపోండి. పది నిమిషాలు గోడవారగా కూర్చోండి. జనం కదిలే దిక్కుకు అడ్డంగా, కొంచెం కొంచెంగా పక్కకు రండి, ఎదురు తోయొద్దు. బిడ్డను నేల మీద నిలబెట్టొద్దు, ఎత్తుకోండి.

తప్పిపోవడం గురించి. అందరూ ఫోన్లు ఉన్నాయి కదా అంటారు. నీళ్ల రైడ్ల దగ్గర ఫోన్లన్నీ లాకర్లో ఉంటాయమ్మా! మా తమ్ముడి మనవరాలు ఇరవై నిమిషాలు కనపడలేదు. వాళ్లమ్మ ఫోను లాకర్లో మోగుతూనే ఉంది. చివరికి ఆ పిల్ల ఐస్‌క్రీము బండి దగ్గర నిలబడి, "మీరే తప్పిపోయారు" అంది. (నవ్వులు) అప్పటినుంచి మూడు పనులు చేస్తున్నాం. పొద్దున గేటు దగ్గర పిల్లలందరినీ ఆ రోజు బట్టల్లో ఒక ఫోటో తీస్తాం. ముంజేతి మీద చెరగని పెన్నుతో రెండు నంబర్లు రాస్తాం, ఒకటి నీళ్లలోకి దిగనివాళ్లది. తప్పిపోతే వెతకొద్దు, ఫలానా బొమ్మ కింద నిలబడు అని చూపించి, వాళ్లచేత చెప్పిస్తాం. యూనిఫాం వేసుకున్న అన్నయ్యనో అక్కనో అడగొచ్చని కూడా చెప్పండి. మనవాళ్లు కొత్తవాళ్లతో మాట్లాడొద్దని భయపెట్టి పెంచుతారు, ఆ భయంతో పిల్లలు సాయం కూడా అడగరు.

లాకర్ల మాట వచ్చింది. థీమ్ పార్కులో అసలు రద్దీ రైడ్ల దగ్గర అనుకుంటారు. నేను చూసినంతలో లాకర్ల దగ్గర, బట్టలు మార్చుకునే గదుల దగ్గర, ముఖ్యంగా ఆడవాళ్ల బాత్రూముల దగ్గర. నీళ్ల రైడ్లు మూసే టైముకు అందరూ ఒకేసారి తడిబట్టలతో అక్కడికి చేరతారు. రొట్టెల పండుగ సాయంత్రమే గుర్తొచ్చింది నాకు. మూసేదానికి ముప్పావుగంట ముందు నీళ్లలోంచి బయటికి రండి. పిల్లలు ఏడుస్తారు, ఏడవనివ్వండి. పొడిబట్టలు వేసుకుని, ఆ చివరి గంటలో పొడి రైడ్ల మీదికి పోతే అక్కడ లైనే ఉండదు. ఇంకొకటి, నూలు బట్టలతో నీళ్లలోకి దిగనివ్వరు. నైలాను బట్టలు ఇక్కడ ట్రంకు రోడ్డులో కొనుక్కుని పోండి, అక్కడ కొంటే రెండు లైన్లు, రెండింతలు డబ్బు.

ఎత్తు కూడా ఇంట్లోనే కొలుచుకోండి. కొన్ని పెద్ద రైడ్లకు 140 సెంటీమీటర్లు ఉండాలి. నలభై నిమిషాలు నిలబెట్టి, ముందుకొచ్చాక పిల్లాణ్ణి వెనక్కి పంపితే ఆ ఏడుపు నెల్లూరు దాకా వస్తుంది. తలుపు మీద గీత గీసి, "ఈసారికి నువ్విది, వచ్చేసారికి అది" అని ముందే చెప్పేయండి.

ప్రశ్నలుంటే అడగండి. చెప్పమ్మా.

(ఒక మహిళ: మా అత్తగారికి మోకాళ్ల నొప్పులు. ఇంట్లో ఒక్కదాన్నే వదిలి పోలేం. తీసుకుపోవచ్చా?)

తీసుకుపోండి. కాకపోతే ఆమెను రోజంతా మీ వెంట నడిపించకండి. ముందే ఫోన్ చేసి వీల్‌చైరు దొరుకుతుందా అని అడగండి. గేటుకు దగ్గరగా, నీడలో, బాత్రూముకు దగ్గరగా ఒక చోటు చూసుకుని అక్కడ కూర్చోబెట్టి, గంటకొకరు చొప్పున ఆమె దగ్గర ఉండండి. అదే మీ అందరికీ కలుసుకునే చోటు కూడా అవుతుంది. చంటిబిడ్డ ఉన్నవాళ్లు కూడా అంతే. ఒకరు ఎక్కి దిగాక రెండోవాళ్లను మళ్లీ లైను లేకుండా పంపిస్తారేమో ఆపరేటరును అడగండి. పోయేదేముంది, లేదంటాడు అంతే కదా.

(ఒక అబ్బాయి: తాతా, మీరు రోలర్ కోస్టర్ ఎక్కారా?)

లేదు నాయనా. గుండె జబ్బు, బీపీ ఉన్నవాళ్లు ఎక్కకూడదని బోర్డు మీద రాసి ఉంటుంది. నాకు బీపీ. నేను కింద బెంచీ మీద పదకొండు సంచులు, ఇరవై జతల చెప్పులు, నాలుగు కళ్లజోళ్లు పెట్టుకుని కూర్చున్నాను. మా వాళ్లెవరూ లాకరు లైనులో నిలబడలేదు.